నలభై బండ్లూ ఒక్క బావీ

అనగనగా ఒక రాజ్యం. దానికి తూర్పున సముద్రం, పడమర కొండలు. సముద్రం ఒడ్డున ఉప్పు ఉండేది. కొండల్లో తేనె ఉండేది. ఒడ్డువాళ్ళు తేనె కోసం కలలు కనేవాళ్ళు. కొండవాళ్ళు ఉప్పు చాలక చప్పటి కూడు తినేవాళ్ళు. ఈ ఇద్దరినీ కలిపేది ఒక్క ఎర్రమట్టి దారి.

అవి ఎద్దులూ, వాగులూ, చెరువులూ మాట్లాడే రోజులు. మనుషులకు వినే తీరిక ఉండేది, అందుకే అవి మాట్లాడేవి.

ఆ దారి మీద ఏకాంబరం అనే పడుచువాడు పది బండ్లు నడిపేవాడు. బండ్లు తండ్రి ఇచ్చి పోయినవి. ఎద్దులు అతని కళ్ళ ముందే దూడలుగా పుట్టి, కాడి కిందికి వచ్చినవి. ముందు బండి లాగే గౌరన్న అనే ఎద్దయితే అతని అరచేతిలో గడ్డి తిని పెరిగింది. అందుకని దానికి చనువు ఎక్కువ. నోరు ఇంకా ఎక్కువ.

వరసగా నడిచే బండ్ల గుంపును బిడారు అంటారు. బిడారువాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. మజిలీ చేరగానే ముందు ఎద్దులు నీళ్ళు తాగాలి. తర్వాత బండ్లు తోలేవాళ్ళు తాగాలి. అందరూ తాగాక, అందరికన్నా వెనక, బిడారు నాయకుడు తాగాలి. ఎందుకలా అని ఎవరూ అడగలేదు. తాతలు అలా తాగారు, మనవలూ అలాగే తాగుతున్నారు.

ఏకాంబరానికి ఆ కట్టుబాటంటే చెప్పలేనంత ఇష్టం. దానికి కారణం మూడో మజిలీ.

ఉప్పుదారిలో మూడు మజిలీలు. మొదటిది తామరచెరువు. రెండోది పాలవాగు. మూడోది రాళ్ళబావి. అక్కడ చుట్టూ నల్లటి బండరాళ్ళు తప్ప పచ్చటి ఆకు కనపడదు. ఆ రాళ్ళ మధ్య ఒక బావి, ఒక తాటాకు పందిరి, పందిరి కింద ఒక ముసలి కాపరి, ఆ కాపరికి చెంగమ్మ అనే కూతురు. ముసలాయన చేతులు వణుకుతాయి కాబట్టి చేద తోడేది చెంగమ్మే.

ఎద్దులు తాగి నెమరు వేస్తుంటే, మనుషులు తాగి కునుకు తీస్తుంటే, చివరి చేద నీళ్ళు చెంగమ్మ ఒక చెంబులోకి వంచి తెచ్చి ఏకాంబరం దోసిట్లో పోసేది. ఎండలో ఆమె గాజులు మెరిసేవి. అతను తల ఎత్తి ఆమె మొహం చూస్తూ తాగేవాడు. ఆ నీళ్ళు ఎంత తియ్యగా ఉండేవంటే, తేనె దేశం ఇక్కడి నుంచే మొదలవుతుందేమో అనుకునేవాడు.

తాగడం అయ్యాక ఆమెను ఒక మాట అడగాలని ప్రతిసారీ అనుకునేవాడు. తీరా నోరు తెరిచేసరికి, "నీళ్ళు బాగున్నాయి" అని చెప్పి వచ్చేసేవాడు.

"మళ్ళీ నీళ్ళు బాగున్నాయనే చెప్పావా?" అని అడిగేది గౌరన్న.

"నడువు, నడువు" అనేవాడు ఏకాంబరం.

ఇలా ఉండగా ఆ రాజ్యాన్ని ఏలే వజ్రబాహు మహారాజు కొండల్లో కొత్త కోట కట్టించాడు. ఒకనాడు ఏకాంబరాన్నీ, దండపాణి అనే ఇంకో బండ్ల నాయకుణ్ణీ కొలువుకు పిలిపించాడు. దండపాణికి కూడా పదే బండ్లు. కానీ అతని బొజ్జకూ, నవ్వుకూ, తలపాగాకూ వంద బండ్ల వాడి దర్జా ఉండేది.

రాజు అన్నాడు: "వైశాఖ పున్నమి నాడు మా కోట తలుపులు తెరుస్తాం. ఆ రోజు నలభై బండ్ల ఉప్పు ఒకే వరసలో కోటలోకి రావాలి. కొండ జనం కళ్ళారా చూడాలి. సొంత బండ్లు పది ఎలాగూ ఉన్నాయి కదా, మిగిలిన ముప్ఫై ఎద్దులతో సహా మేమిస్తాం. ఆ బిడారు నడిపినవాడిదే ఇక మీదట ఉప్పుదారి. రెండోవాడు ఆ దారిలో ఉప్పు తోలడానికి వీల్లేదు. కాని, చెప్పిన రోజుకు ఉప్పు చేరకపోతే అతని సొంత బండ్లూ ఎద్దులూ మా పశుశాలకు వచ్చేస్తాయి. ఏకాంబరం, మీ నాన్న మాకు తెలిసినవాడు. ముందు నిన్నే అడుగుతున్నాం. నడుపుతావా?"

ఏకాంబరం కళ్ళ ముందు నలభై బండ్లు కదిలాయి. అరవై, డెబ్భై, ఎనభై మెడల మువ్వలు ఒక్కసారి మోగాయి. ఎర్రటి దారి పొడవునా తెల్లటి ఉప్పు ఏరులా పారింది. ఆ ఏటికి ముందు తలపాగా చుట్టుకుని తను. రాళ్ళబావి దగ్గర చేద పట్టుకుని నోరు తెరిచి చూస్తున్న చెంగమ్మ.

'అవును' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

అంతలో గౌరన్న మొహం గుర్తొచ్చింది. ఒప్పుకుని ఓడితే గౌరన్న పోతుంది. ఒప్పుకోకపోతే దారి పోతుంది. దారి పోతే రాళ్ళబావి పోతుంది. ఎటు పోయినా ఏదో ఒకటి పోయేలా ఉంది.

"మహారాజా, ఒక్కసారి ఆ దారిన వెళ్ళొచ్చి చెప్తాను" అన్నాడు.

"వెళ్ళి రా" అన్నాడు రాజు.

బయట దండపాణి అతని భుజం మీద చెయ్యేశాడు. "ఏం తమ్ముడూ, పుట్టినప్పటి నుంచి తిరిగే దారి కదా, అందులో కొత్తగా చూసొచ్చేదేముందయ్యా? నీకు బెరుకు ఉంటే చెప్పు, పర్లేదు. నేనున్నానుగా!"

"బెరుకు కాదన్నా. అడిగి వద్దామని."

"ఎవర్ని అడుగుతావు, రాళ్ళనా?" అని దండపాణి పొట్ట పట్టుకుని నవ్వాడు.

మర్నాడు కోడి కూసే వేళకు ఏకాంబరం పది బండ్లూ కట్టాడు. ఎండెక్కేసరికి తామరచెరువు చేరాడు. ఎద్దులు తాగాయి, మనుషులు తాగారు, చివర తను తాగి చెరువును అడిగాడు.

"చెరువమ్మా, చెరువమ్మా! నలభై బండ్ల ఎద్దులు వస్తే నీళ్ళు చాలతాయా?"

చెరువు తామరాకుల కింద కులుకుతూ నవ్వింది. "నాలుగు వందల బండ్లు రానీ నాయనా! నా ఒంటి మీద ఒక మడత కూడా పడదు."

రెండో నాడు పాలవాగు చేరాడు.

"వాగమ్మా, వాగమ్మా! నలభై బండ్ల ఎద్దులు వస్తే నీళ్ళు చాలతాయా?"

వాగు ఆగకుండానే జవాబు చెప్పింది. "మీరు తాగిన నీళ్ళ కేసి నేను వెనక్కి తిరిగి చూడను. ఎంతమంది తాగితే నాకేం? నా ముందర బోలెడన్ని ఊళ్ళున్నాయి. పోనీ, దారి వదులు!"

ఏకాంబరం మనసు తేలికపడింది. "విన్నావా గౌరన్నా! చెరువు సరేనంది, వాగు సరేనంది. ఇంకేముంది!"

"ఇంకా రేపుంది" అంది గౌరన్న.

మూడో నాడు రాళ్ళబావి చేరాడు. అప్పటికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. చెంగమ్మ గిలక మీద చేంతాడు వేసి తోడుతూనే ఉంది. తొట్టి నిండేది, ఖాళీ అయ్యేది. ఎద్దులు తాగాయి. మనుషులు తాగారు. అందరూ పందిరి కింద నడుం వాల్చాక ఏకాంబరం తలపాగా సర్దుకుని బావి దగ్గరికి నడిచాడు.

"ఏం నాయకుడుగారూ, ఇవాళ తలపాగా కొత్తదా?" అంది చెంగమ్మ.

"తలపాగా పాతదే. కబురు కొత్తది" అంటూ అతను రాజు మాట మొత్తం చెప్పాడు. నలభై బండ్లు, ఎనభై ఎద్దులు, మువ్వలు, ఉప్పు ఏరు అన్నీ చెప్పాడు. చెప్తున్నంతసేపూ చెంగమ్మ మొహం వెలుగుతుందని చూశాడు. వెలగలేదు. ఆమె చేద అంచు వేలితో తడుముతూ నిలబడింది.

"నలభై బండ్లూ ఒకేసారి ఇక్కడికి వస్తాయా?" అని మాత్రం అడిగింది.

"ఒకేసారి! ఒకే వరసలో! చెరువును అడిగాను, వాగును అడిగాను. రెండూ సరేనన్నాయి. నీ బావినీ అడుగుతాను ఉండు." అతను బావిలోకి వంగి గట్టిగా కేకేశాడు. "బావమ్మా! నలభై బండ్లకు చాలతావా?"

"చాలతావా?" అని లోపలి నుంచి అతని గొంతే తిరిగి వచ్చింది. బావి సొంతంగా ఒక్క మాట కూడా అనలేదు.

చెంగమ్మ చివరి చేద తోడింది. చెంబులోకి వంచింది. ఎప్పటిలా అతను దోసిలి పట్టాడు. ఎప్పటిలా ఆమె మొహం చూస్తూ గుక్క తాగాడు.

తాగి ఉమ్మేశాడు. పళ్ళ మధ్య ఇసుక కరకరలాడింది. నాలుక మీద మట్టి.

"ఏంటిది, బురద!"

"ఎప్పుడూ ఇదే" అంది చెంగమ్మ.

"ఎప్పుడూ తియ్యగా ఉండేవిగా?"

"ఎప్పుడూ నా పైట చెంగులో వడగట్టి పోసేదాన్ని. నువ్వు నా మొహం చూస్తావు. చెంబు ఎప్పుడు చూశావు గనక?"

ఏకాంబరానికి సిగ్గు ముంచుకొచ్చింది. తను చూస్తున్నట్టు ఆమెకు ఇన్నాళ్ళూ తెలుసా! ఆ సిగ్గు వెనకాలే ఒక చల్లటి భయం వచ్చింది. పది బండ్లు తాగేసరికే బావి అడుగు అంటుతోందన్నమాట. తన దోసిట్లోకి వచ్చేది అడుగు నీళ్ళన్నమాట. అందరికన్నా చివర తాగుతూ కూడా, చూడవలసినవాడు తను చూడలేదు.

"మరి ఇన్నాళ్ళూ ఒక్క మాట చెప్పలేదేం?"

"దారిన వచ్చినవాళ్ళకు నీళ్ళు లేవని మా ఇంట్లో ఎవరూ చెప్పకూడదు. మా ముత్తాత నాటి మాట. నోటితో చెప్పకూడదు గనకే ఇవాళ వడగట్టకుండా పోశాను."

పందిరి కింద ముసలాయన దగ్గాడు. "ఏమే చెంగా, నీళ్ళు ఉన్నాయా?"

"ఉన్నాయి నాన్నా!" అంది చెంగమ్మ, ఖాళీ చేద కేసి చూస్తూ.

ఆ రోజు ఏకాంబరం బండ్లు కట్టలేదు. బావి గట్టు మీద కూర్చుని లోపలికి చూస్తూ ఉండిపోయాడు. అడుగున రాతి నెర్రె. ఆ నెర్రెలోంచి నీళ్ళు నుదుటి చెమటలా మెల్లగా ఊరుతున్నాయి. తొందరపెడితే ఊరవు. బతిమాలితే ఊరవు. మర్నాడు ఎండ మళ్ళీ నెత్తి మీదికి వచ్చేసరికి బావి ఎప్పటి మట్టానికి వచ్చింది. సరిగ్గా పది బండ్లకు సరిపడా.

"ఏమంది బావి?" అని అడిగింది గౌరన్న.

"రోజుకు ఒక్క బిడారు అంది" అన్నాడు ఏకాంబరం.

తిరిగి వచ్చి కొలువులో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మహారాజా, నలభై బండ్లు ఒకేసారి నడపలేను. నేనే కాదు, ఎవరు నడిపినా రాళ్ళబావి దగ్గర ఎద్దులు దాహంతో పడిపోతాయి. పదేసి బండ్లు రోజుకొక బిడారుగా పంపండి. నాలుగు రోజుల్లో నలభై బండ్ల ఉప్పూ కోట చేరుతుంది. ఏ ఎద్దూ నాలుక చాచదు."

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. "నాలుగు రోజులు విడివిడిగా వచ్చే బండ్లను ఎవరు చూస్తారు? ఒకే వరస అన్నాం మేము."

దండపాణి ముందుకు వచ్చి వంగి దండం పెట్టాడు. "ప్రభూ, చెరువు సరేనందట, వాగు సరేనందట. ఈ మాట తమ్ముడే అందరికీ చెప్తున్నాడు. మూడింట రెండు సరేనంటే సరే అన్నట్టేగా! మూడోది బావి. దాని తరఫున ఒక పడుచుపిల్ల మాట్లాడిందట. తమ్ముడిది లేత వయసు, పిల్ల మాట చెవిలో పడితే దిమ్మ తిరగదూ!"

కొలువంతా గొల్లున నవ్వింది. ఏకాంబరం చెవులు ఎర్రబడ్డాయి. అయినా మాట మార్చలేదు.

రాజు దండపాణికి తాంబూలం ఇచ్చాడు. ఉప్పుదారి దండపాణిదయింది.

ఏకాంబరం పది బండ్లూ చావడి ముందు ఊరికే నిలబడ్డాయి. కాళ్ళు చాపుకుని పడుకున్న గౌరన్న, "నీ పుణ్యమా అని నాకు మంచి విశ్రాంతి" అంది. కానీ దాని గొంతులో కులాసా లేదు.

ఏకాంబరానికి అన్నం సహించలేదు. ఏ పక్కకు తిరిగినా ఆ నల్లరాళ్ళే కనపడేవి. మండుటెండలో ఎనభై ఎద్దులు నాలుకలు చాచి నిలబడి ఉన్నట్టు, వాటి ముందు ఖాళీ చేద పట్టుకుని చెంగమ్మ ఒక్కతే ఉన్నట్టు. నీళ్ళు లేవని కూడా ఆ పిల్ల చెప్పకూడదు!

దండపాణి బిడారు బయలుదేరిన పూటే ఏకాంబరం కుమ్మరివీధికి పరిగెత్తాడు. ఇంట్లో ఉన్న ఇత్తడి గుండిగలన్నీ ఇచ్చి పెద్దపెద్ద మట్టి బానలు తెచ్చాడు. గడ్డి పరిచి, పది బండ్లలోనూ పట్టినన్ని సర్దాడు.

ఊరివాళ్ళు ముక్కు మీద వేలేసుకున్నారు. "పాపం, మతి చలించినట్టుంది. ఉప్పు లేక కుండలు తోలుతున్నాడు."

"రాజుగారు ఉప్పు వద్దన్నారు" అన్నాడు ఏకాంబరం. "నీళ్ళు తోలొద్దని అనలేదుగా."

పాలవాగు దగ్గర బానలన్నీ నింపాడు. మూతలు గుడ్డలతో బిగించాడు. మర్నాడు పొద్దు కాస్త వాలేవేళకు రాళ్ళబావి కనుచూపు మేరలోకి వచ్చింది. చూపుకన్నా ముందు గోల వినపడింది.

దండపాణి రంగు గుడారం కట్టిన ముందు బండిలో వచ్చాడట. దిగగానే, "నేను పెద్ద బిడారు నాయకుణ్ణి, నాకు ముందు పొయ్యి" అని చల్లటి తేట నీళ్ళు కడుపు నిండా తాగి పందిరి కింద నిద్రపోయాడట. ఆ తర్వాత ఎద్దులు తాగడం మొదలుపెట్టాయి. ముందు బండ్లవి తాగాయి. వెనక బండ్ల వంతు వచ్చేసరికి చేద రాతికి కొట్టుకుని టంగుమంది.

ఇప్పుడు తొట్టి చుట్టూ ఎద్దులు కొమ్ములు కొమ్ములు తగిలేలా తోసుకుంటున్నాయి. కొన్ని మోకాళ్ళ మీద కూలబడ్డాయి. ఒక బండి ఒరిగి ఉప్పు నేల మీద పరుచుకుంది. బండ్లవాళ్ళు ముల్లుగర్రలు ఎత్తి తప్పు నీదంటే నీదని ఒకరి మీద ఒకరు పడుతున్నారు. బావి గట్టు మీద చెంగమ్మ చేద బోర్లించి చూపిస్తూ నిలబడింది. నోరు మాత్రం విప్పలేదు.

నిద్ర లేచిన దండపాణి అరుస్తున్నాడు. "నీళ్ళు ఎక్కడ దాచావే పిల్లా!"

ఏకాంబరం బండి దూకబోయాడు. గౌరన్న నెమ్మదిగా అంది: "ఒక్క మాట. రేపే పున్నమి. ఇంకో పూట మనం ఈ గుట్ట వెనకే ఆగితే వీళ్ళు ఇక్కడి నుంచి కదలలేరు. అప్పుడు దారి నీదే. బావి నీదే. బాగా ఆలోచించుకో."

ఏకాంబరం ఆలోచించాడు. అబద్ధం ఎందుకు, ఆ ఆశ అతని మనసులో ఒక్కసారి తళుక్కుమంది. అప్పుడే కూలబడిన ఎద్దొకటి తల నేలకు ఆనించి అతని కేసి చూసింది. దాని కళ్ళల్లో దండపాణీ లేడు, రాజూ లేడు. దాహం ఒక్కటే ఉంది.

"ఆలోచించాను. పద" అన్నాడు.

నీళ్ళ బానలు చూడగానే దండపాణి చేతులు చాచి పరిగెత్తుకు వచ్చాడు. "తమ్ముడూ! బంగారు తమ్ముడూ! గొంతు ఎండిపోతోంది, ముందు నాకు..."

"ముందు ఎద్దులన్నా" అన్నాడు ఏకాంబరం.

చెంగమ్మ గట్టు దిగి వచ్చింది. ఇద్దరూ కలిసి బానలు దించి తొట్టి నింపారు. కూలబడిన ఎద్దులకు దగ్గరికే తీసుకెళ్ళి పట్టారు. ఎద్దులన్నీ తాగాక బండ్లవాళ్ళు తాగారు. ముల్లుగర్రలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. తర్వాత దండపాణి తాగాడు. తాగుతూ తల ఎత్తలేదు.

ఏకాంబరం తన వంతుకు బాన వంచాడు. చుక్క రాలేదు.

ఎదురుగా చెంగమ్మ నిలబడి ఉంది. ఎప్పుడూ చెప్పే మాట చెబుదామంటే ఇవాళ నీళ్ళు లేవు. ఇక చెప్పడానికి అసలు మాట ఒక్కటే మిగిలింది.

"చెంగమ్మా, నన్ను పెళ్ళి చేసుకుంటావా?" అనేశాడు.

ఆమె చెమట పట్టిన మొహం తుడుచుకుంది. "దారి ఆయనకు పోయిందిగా. ఇక మీదట ఏ వంక పెట్టుకుని వస్తావు ఇటు?"

"వంక లేకుండా వస్తాను."

"అయితే సరే" అంది చెంగమ్మ. పక్కనే ఉన్న గౌరన్న, "అమ్మయ్య!" అని పెద్దగా నిట్టూర్చింది.

మర్నాడు పున్నమి. తెల్లవారకముందే నలభై బండ్లూ కొండదారి పట్టాయి. ఎక్కుడులో ఏ ఎద్దయినా తూలితే సాయం ఉండాలని ఏకాంబరం ఖాళీ బానల బండ్లతో వెనకాలే నడిచాడు. సాయంకాలానికి కోట కనపడింది. గోడల మీద తోరణాలు, బురుజుల మీద బాకాలు. కొండ జనం పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని నిలబడ్డారు. రాజు గుమ్మం ముందుకు వచ్చాడు.

దండపాణి బండి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. దాని వెనకది ఆగింది. దాని వెనకదీ ఆగింది. దండపాణి అదిలించాడు, బుజ్జగించాడు, గుమ్మం కేసి చూపించాడు. నలభై బండ్లలో ఒక్క ఎద్దూ కాలు కదపలేదు.

"ఏమిటిది? ఎందుకు ఆగాయి?" అన్నాడు రాజు.

రాజుగారి పశుశాలలో పుట్టిన ఎద్దే ఒకటి తల ఎత్తి జవాబు చెప్పింది: "మా నాయకుడు ఇంకా వెనక ఉన్నాడు మహారాజా. ఆయన వచ్చాక కదులుతాం."

"మీ నాయకుడు ముందు బండిలోనే ఉన్నాడు కదా!"

"ముందు తాగినవాణ్ణి మేము నాయకుడనం" అంది ఎద్దు.

జనం వెనక్కి తిరిగి చూశారు. వరస చివర దుమ్ము కొట్టుకుపోయిన మనిషి ఒకడు ఖాళీ బానల బండి పక్కన కాలినడకన వస్తున్నాడు.

దండపాణి మెల్లగా బండి దిగాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. జరిగిందంతా తన నోటితోనే చెప్పాడు. చెడ్డ మాట ఒకటీ దాచలేదు, మంచి మాట ఒకటీ కలుపుకోలేదు. "ఉప్పు చేరింది ప్రభూ. కానీ చేర్చింది నేను కాదు. నా బండ్లు తీసుకోండి" అన్నాడు.

రాజు ఏకాంబరాన్ని దగ్గరికి పిలిచాడు. "ఆనాడు కొలువులో నీ మాట వినలేదు. తప్పు మాదే. ఇక ఉప్పుదారి నీది. ఎన్ని బండ్లు కావాలో అడుగు. నలభైయా? వందా? ఏనుగుల్ని కూడా ఇస్తాం."

నలభై బండ్ల కల మళ్ళీ ఒకసారి ఏకాంబరం కళ్ళ ముందు మెదిలి వెళ్ళింది.

"దండపాణి అన్న బండ్లు ఆయనకే ఉండనివ్వండి మహారాజా" అన్నాడు. "ఒక రోజు ఆయనవి పది నడుస్తాయి, ఇంకో రోజు నావి పది నడుస్తాయి. నాకు కొత్త బండి వద్దు. బండలు పగలగొట్టేవాళ్ళను నలుగురిని ఇవ్వండి చాలు. రాళ్ళబావి పక్కన ఇంకో బావి తవ్విస్తాను. అందులో ఎంత నీరు ఊరుతుందో ఒక వేసవి అంతా చూస్తాను. ఆ నీళ్ళకు సరిపడినన్ని బండ్లు అప్పుడు అడుగుతాను."

రాజు అలాగే అన్నాడు. తిరుగు దారిలో బండ్లు పదేసి చొప్పున విడివిడిగా వెళ్ళాయి. ఆషాఢం వచ్చేలోపు ఏకాంబరానికీ చెంగమ్మకూ పెళ్ళయింది. రెండో బావి తవ్వాక ఏకాంబరం కొన్ని బండ్లు పెంచాడు. మూడో బావి తవ్వాక మరికొన్ని పెంచాడు. అతని పిల్లలు పెద్దవాళ్ళయ్యేసరికి ఆ దారిలో నలభై బండ్లు మువ్వలు మోగించుకుంటూ నడిచాయి. కొండల్లో ఎవరూ చప్పటి కూడు తినలేదు, దారిలో ఏ ఎద్దూ దాహంతో పడిపోలేదు.

కాబట్టి పిల్లలూ, పెరగాలని ఆశ పడటం తప్పు కాదు. కానీ పెరగాలనుకున్నవాడు తన దారిలో నీళ్ళు దండిగా ఉన్న చోటును చూసి మురిసిపోకుండా, అన్నిటికన్నా తక్కువ ఉన్న చోటును చూసుకుని అడుగు వెయ్యాలి.